చేలనాదేవి సాహసము - శ్రేణికుని శంక
(గృహస్థులకొక పాఠము)

శ్రీ మహావీరస్వామి సమవసరణమును గూర్చి వినునప్పుడెల్ల మన చెవిని బడు పేరు శ్రేణికమహారాజుది. ఆయన మగధకు ప్రభువు. రాజగృహము ఆయన రాజధాని. బౌద్ధులు ఈయననే బింబిసారుడందురు. శ్రేణికుడు ప్రశ్నించుట, గౌతమగణధరుడు ప్రత్యుత్తర మిచ్చుట, మన పురాణములలో పెక్కింటికి ఇదియే నాంది.

అంతటి శ్రావకుడు ఒకనాటి రాత్రి ఒక్క మాట విని, తెల్లవారునప్పటికి తన యింటిని తానే తగులబెట్టించుటకు సిద్ధపడెను. ఆ మాట పలికినది ఆయన ప్రాణముకంటె మిన్నగా ప్రేమించిన దేవేరి చేలన. ఈ కథ మనలో చాలమంది చిన్ననాటనే విన్నారు. కాని పెండ్లియై, సంసారభారము మోసి, దుకాణము కట్టి యింటికి వచ్చు వయస్సున దీనిని మరల చదువవలెను. అప్పుడుగాని దీని బరువు తెలియదు.

1. సొరంగమార్గమున వచ్చిన పెండ్లికూతురు

వైశాలి నేలిన చేటకమహారాజు గొప్ప శ్రావకుడు. శ్వేతాంబర సంప్రదాయమున ఆయన త్రిశలామాతకు సోదరుడు. దిగంబర సంప్రదాయమున ఆమెకు తండ్రి. ఎట్లు చెప్పినను చేలన వర్ధమానస్వామికి దగ్గరి చుట్టమే. చేటకునకు ఏడుగురు కుమార్తెలని ఉభయసంప్రదాయములును చెప్పుచున్నవి.

12వ శతాబ్దమున గుజరాతుదేశమున హేమచంద్రాచార్యులు రచించిన త్రిషష్టిశలాకాపురుషచరిత్రమున, పదవ పర్వములో ఈ వివాహకథ యున్నది. శ్రేణికుడు మొదట కోరినది చేలనను గాదు, ఆమె యక్క సుజ్యేష్ఠను. వంశము తగదని చేటకుడు ఆ సంబంధమును కాదనెను. అప్పుడు శ్రేణికుని కుమారుడును మంత్రియు నగు అభయకుమారుడు వర్తకుని వేషమున వైశాలికి పోయి, అంతఃపురమునకు చేరువగా అంగడి తెరచెను. దాసీలకు సరకు చవుకగా నిచ్చుచు, తన తండ్రి చిత్తరువును అంగడిలో నుంచి పూజించుచుండెను. దాసీల వలన ఆ పటము సంగతి సుజ్యేష్ఠ చెవిని బడెను. ఆమె మనసు శ్రేణికునిపై నిలిచెను. కోటలోనికి సొరంగము త్రవ్వించిరి. చెప్పిన దినమున శ్రేణికుడు రథముతో వచ్చెను.

బయలుదేరుటకు ముందు సుజ్యేష్ఠ చెల్లెలికి రహస్యము చెప్పెను. “నిన్ను విడిచి నే నుండలేను, నేనును వత్తును” అనెను చేలన. చెల్లెలిని ముందు రథ మెక్కించి, నగలపెట్టె తెచ్చుకొనుటకు అక్క వెనుకకు మరలెను. ఆలస్యమైనది. శత్రుని యింట నిలువరాదని అంగరక్షకులు తొందరపెట్టగా శ్రేణికుడు రథమును తోలించుకొని పోయెను. వెన్నంటి వచ్చిన వైశాలి సేనతో పోరి, సులస అను శ్రావిక కుమారులు 32 మంది ప్రాణములు విడిచిరి. సుజ్యేష్ఠ లోకము నందు విరక్తి చెంది దీక్ష గైకొనెను. దారిలో శ్రేణికుడు “సుజ్యేష్ఠా!” అని పిలువగా, “నేను చేలనను” అని బదులు వచ్చెను.

పుట్టినింటిని, పేరును, భయమును ఒక్క గడియలో వెనుకకు విడిచి చీకటి దారిని నడచిన సాహసవంతురాలు చేలన. శ్రేణికుడో, ఆమెను అమితముగా ప్రేమించెను. కాని తాను కోరి పిలిచినది ఆమెను గాదు. తండ్రికి చెప్పక తనతో వచ్చినది. ఇట్టి భర్త మనస్సున ఒక మూల “ఈమె నిజముగా నాదియేనా” యను ముల్లు ఉండుటలో ఆశ్చర్యమేమి? ఇది గ్రంథకర్త చెప్పిన మాట గాదు. కథను బట్టి మనము చేయు ఊహ. అయినను రాబోవు రాత్రికి బీజము ఇందే యున్నదని తోచును.

2. ఇల్లాలి వెంట కొండకు నడచిన రాజు

దిగంబర కథలలో శ్రేణికుడు మొదట బౌద్ధమతాభిమాని. చేలన జినభక్తురాలు. ఇంట నిత్యము వాదమే. ఒకనాడు వేటకు పోయిన రాజు ధ్యానమున నున్న యశోధరమునిని చూచి, భార్యపై గల రోసము మునిపై తీర్చుకొని, చచ్చిన పామును ఆయన మెడలో వేసి వచ్చెను. కొన్ని దినములకు ఆ సంగతి గొప్పగా భార్యకు చెప్పెను. “ఆయన దానిని తీసి పారవేసి పోయి యుండును” అని నవ్వెను. “నిజమైన ముని యైనచో అక్కడనే యుండును” అని పలికి, ఆమె ఆ రాత్రియే బయలుదేరినది. రాజును వెంట నడచెను.

ముని కదలలేదు. పాము కళేబరమునకు చీమలు పట్టి దేహమంతయు కుట్టుచుండెను. చేలన చీమలకు హాని కలుగకుండ చక్కెర చల్లి వానిని క్రిందికి దించి, పామును తొలగించెను. ఉపసర్గము తీరిన పిమ్మట ముని కన్నులు తెరచి, పూజించిన ఆమెను, అవమానించిన ఆయనను సమముగా దీవించెను. ఆ సమభావమే రాజు గర్వమును కరగించినది. ఉత్తరాధ్యయనసూత్రమున 20వ అధ్యయనము, శ్రేణికుని మనస్సు మరలించినది అనాథిముని బోధ యని చెప్పుచున్నది. రెండు త్రోవలు చెప్పబడినవి. చేరిన చోటు ఒక్కటే. అటుపిమ్మట దంపతులిద్దరును స్వామి దర్శనమునకు కలసి పోవువారు. దశాశ్రుతస్కంధమున పదవ దశలో వారిరువురును గుణశీలచైత్యమునకు వైభవముతో వచ్చిన ఘట్టము వర్ణింపబడినది.

భార్య నడచిన దారిని భర్త నడచుట తలవంపు గాదని ఈ ఘట్టము చెప్పుచున్నది. ముందు నడచినవారు ఎవరైన నేమి, దారి మంచిదైనచో చాలును.

3. చలిరాత్రి జారిన మాట

ఇక హేమచంద్రుని కథకు మరల వత్తము. శీతకాలము. స్వామి రాజగృహమునకు విచ్చేసియుండెను. దంపతులు స్వామికి మ్రొక్కి మరలి వచ్చుచు, నీటిదరిని ఉత్తరీయమైనను లేక, చలిని సహించుచు, కాయోత్సర్గమున నిలిచిన యొక సాధువును చూచి నమస్కరించిరి.

ఆ రాత్రి చేలన చేయి నిద్రలో దుప్పటి వెలికి జారెను. చలికి కొయ్యబారి నొప్పి పుట్టగా ఆమె మేల్కొని చేతిని లోనికి తీసికొనెను. తక్షణమే నీటిదరి సాధువు స్మరణకు వచ్చెను. “అయ్యో! ఈ చలిలో ఆయన ఎట్లున్నాడో!” అని గొణిగి, మరల నిద్రపోయెను.

ప్రక్కనున్న శ్రేణికుడు ఆ మాట వినెను. “ఆయన” ఎవరు? ఎవనితోనో సంకేతము చేసికొని, చలివలన పోలేక, వాని కొరకు చింతించుచున్నదని నిశ్చయించుకొనెను. ఆమె హాయిగా నిద్రించెను. ఆయనకు తెల్లవార్లు కునుకు లేదు. ఉదయముననే అభయకుమారుని పిలిచి, “అంతఃపురము చెడినది. దానిని కాల్పింపుము. తల్లియని మోహపడకుము” అని ఆజ్ఞాపించి, తాను స్వామి సన్నిధికి పోయెను.

4. కాలినది ఏది?

అభయుడు బుద్ధిశాలి. తల్లులను అతడు ఎరుగును. తండ్రి తొందరపాటును ఎరుగును. అందుచేత అంతఃపురము చెంత నున్న పాత యేనుగుల కొట్టములను తగులబెట్టించి, అంతఃపురము కాలినదని చాటించెను.

అక్కడ రాజు స్వామిని అడిగెను: “చేలన ఏకపత్నియా, కాదా?” స్వామి ఆమె నిష్కళంక యని, శంకింప వలదని సెలవిచ్చెను. రాజు గుండె జారినది. పరుగున వచ్చుచుండగా త్రోవలో అభయుడు ఎదురయ్యెను. “ఆజ్ఞ నెరవేర్చితివా?” “తమ యాజ్ఞను కాదనువా రెవరు?” “తల్లులను కాల్చి నీవేల బ్రదికితివి? ఆ మంటలో నీవును దుముకరాదా?” అని పలికి రాజు మూర్ఛపోయెను. అప్పుడు అభయుడు జరిగిన సత్యము విన్నవించెను.

ఇచ్చట మనము ఆగి గమనింపవలసినవి మూడు కలవు. మొదటిది, రాజు ముందు తీర్పు చెప్పి, తరువాత విచారణకు పోయెను. రెండవది, సర్వజ్ఞుని అడుగుటకు ఊరి వెలుపలికి పోయెను గాని, జానెడు దూరమున పరుండియున్న భార్యను “ఏమంటివి?” అని ఒక్క మాట యడుగలేదు. అడిగియున్నచో తెల్లవారకముందే ముల్లు ఊడెడిది. మూడవది, ఆమె మాటలో నున్నది సాధుభక్తి. ఏ గుణమును చూచి ఆయన ఆమె వెంట నడచెనో, ఆ గుణమే ఆ రాత్రి ఆయనకు దోషముగా వినబడినది.

5. శంక ఒక అతిచారము

శంక యనునది సమ్యక్త్వమునకు చెప్పబడిన అయిదు అతిచారములలో మొదటిది. అది ధర్మవిషయమున శంక. అయినను ఇంటిలోని శంక కూడ అట్టి పురుగే. నమ్మకమను మొదలునే తొలుచును.

అంతకంటె సూటిగా మనకు సంబంధించిన మాట ఉపాసకదశాంగసూత్రమున కలదు. గృహస్థుని సత్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి: ఆలోచింపక నింద మోపుట, రహస్యమును బట్టి నింద మోపుట, తన భార్య నమ్మి చెప్పిన మాటను బయటపెట్టుట, తప్పు సలహా యిచ్చుట, దొంగపత్రము వ్రాయుట. వర్తకులమైన మనము అయిదవదానికి భయపడుదుము. దొంగలెక్క వ్రాసినవానిని ప్రక్కన కూర్చుండనీయము. కాని అదే పట్టికలో, అదే వ్రతము క్రింద, మొదటి వరుసలో నున్నది తొందరపడి నింద మోపుట. 18 పాపస్థానములలో అభ్యాఖ్యానము 13వది. ఇల్లాలిపై వేసిన నింద పాపమే గాని పురుషాధికారము కాదు.

సాయంకాలము రొక్కము తేలనిచో మనమేమి చేయుదుము? చిట్టాను పొయ్యిలో వేయుదుమా? గుమాస్తాను పిలిచి, నెమ్మదిగా, పద్దు వెంట పద్దు చూచుకొందుము. తొంబదితొమ్మిది పాళ్లు కూడికలో పొరపాటే తేలును. పది రూపాయల కిచ్చు ఓపిక ఇరువది యేండ్ల కాపురమునకు ఇయ్యరాదా?

నేడు మన యిండ్ల స్త్రీలు తీర్థములకు సంఘముతో పోవుచున్నారు. వర్షీతపము వంటి దీర్ఘతపములు పూనుచున్నారు. దుకాణపు లెక్కలు చూచుచున్నారు. సరకు బేరమునకు పరస్థలములకు పోవుచున్నారు. వారి ధైర్యమును చూచి మురియు భర్తయే, వారు ఫోనులో తగ్గుస్వరమున మాటాడిన సగము మాట విని నిద్రకు దూరమగుట కలదు. అట్టివారు దుష్టులు కారు. ప్రేమ యున్నది గనుకనే భయము. కాని భయమునకు మంత్రిపదవి యిచ్చినచో ఇల్లు కాలును. పాత కొట్టములను కాల్చి ఇంటిని నిలుపు అభయకుమారుడు అందరి యింటను పుట్టడు.

6. ఒంటిస్తంభపు మేడ

పశ్చాత్తప్తుడైన శ్రేణికుడు చేలన కొరకు ఒంటిస్తంభపు మేడను, అన్ని ఋతువుల ఫలములిచ్చు తోటను అభయుని చేత ఏర్పరపించెను. ఆ తోటలో మామిడిపండ్లు దొంగిలించిన మాతంగుడొకడు పట్టుబడెను. కొమ్మలను వంచు విద్య అతనికి తెలియును. దానిని నేర్చుకొనవలెనని రాజు సింహాసనమున కూర్చుండి వినెను. ఎంత చెప్పినను పట్టుబడలేదు. అభయుని సలహాపై అతనిని సింహాసనమున కూర్చుండబెట్టి, తాను ఎదుట నిలువగా, విద్య వెంటనే పట్టుబడెను. పైన కూర్చుండి నేర్చుకొన వీలుకాదు. ఇల్లాలి వద్దనైనను సరే, పిల్లల వద్దనైనను సరే.

7. కడపటి పరీక్ష

ముసలితనమున శ్రేణికుని కన్నకొడుకు కూణికుడు చెరలో నుంచెను. ఆహారము లేదు, ఎవరికిని ప్రవేశము లేదు. చేలన యొక్కతె మాత్రము పోగలిగెను. ఆమె తలవెండ్రుకలలో ఉడికించిన మినుగుల ముద్దను దాచి తీసికొనిపోయి భర్తను బ్రదికించెనని శ్వేతాంబర గ్రంథములు చెప్పుచున్నవి. ఏ స్త్రీని ఒక చలిరాత్రి పరాయిదని తలచెనో, రాజ్యము, సేన, సంతానము పోయిన నాడు ఆయనకు మిగిలినది ఆమెయే. యువతిగా సొరంగమున నడచిన సాహసమే వృద్ధాప్యమున చెరసాలకు నడచినది.

శ్రేణికుడు పూర్వకర్మవశమున మొదటి నరకమున 84,000 సంవత్సరములు అనుభవించి, రాబోవు ఉత్సర్పిణీకాలమున ప్రథమతీర్థంకరుడు కాగలడని ఉభయసంప్రదాయములును ఒప్పుకొన్నవి. తప్పు చేసినవాడు, తప్పు తెలిసికొని పరుగెత్తి వచ్చినవాడు, అట్టివానికే ఆ పదము.

బీహారునందలి రాజగిరికి యాత్రపోవు దంపతులు పంచపర్వతములు ఎక్కునప్పుడు ఈ రాత్రిని ఒకసారి స్మరింతురు గాక. అలసిన చోట ఒకరిచేయి ఒకరు పట్టుకొందురు గాక.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. శ్రేణికుడు స్వామిని అడుగుటకు ముందు ఎవరిని అడుగవలసి యుండెను? ఏల అడుగలేదు?
2. అభయకుమారుడు తండ్రి యాజ్ఞను మీరెనా, కాచెనా?
3. సత్యాణువ్రతపు అతిచారములలో మీ దుకాణమునకు సంబంధించిన వేవి? మీ యింటికి సంబంధించిన వేవి?
4. మీ యింటిలో సగము విని పూర్తిగా నమ్మిన మాట ఏదైన కలదా? నేటి ప్రతిక్రమణమునకు ముందు దానిని అడిగి తెలిసికొనుడు.