తాతకు తాత పేరు ఎక్కడుంది?

1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయింది. కాలువ నీటితో కంకిపాడు ప్రాంతం మాగాణి అయింది. ఆ మాగాణిలో కూలి చేసిన మీ తాతకు తాత పేరు ఎక్కడ వెదకాలి? సెంటు భూమి లేనివాడు పట్టాలలో కనిపించడు. జ్ఞానస్నాన పుస్తకంలో కనిపించవచ్చు.

ముందు ఇంట్లోని పాత ట్రంకుపెట్టె తెరవండి. పెండ్లి పత్రాలు, బైబిలు అట్టలోపల వ్రాసిన తేదీలు చూడండి. నాయనమ్మను ఇంటిపేరు, పుట్టిన ఊరు అడగండి. ఆ తరువాతే విచారణ గురువుల వద్దకు వెళ్ళండి. ఏ సంవత్సరమో చెప్పకుండా పుస్తకాలన్నీ తిరగేయమనడం భావ్యం కాదు!

1937లో విజయవాడ మేత్రాసనం ఏర్పడింది. అంతకుముందు మన ప్రాంతం హైదరాబాదు మేత్రాసనంలో ఉండేది. కనుక మీ విచారణ దేని నుండి విడివడిందో, ఆ పాత విచారణలోనూ అడగండి. లాటిను నమోదులలో మన జోజప్ప 'యోసేఫుస్' అవుతాడు. ఒకే ఊరిలో నలుగురు యోసేఫుస్‌లుంటే తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కలిస్తేనే మీవాడు.

పుట అంచు కూడా చూడండి. 1908 నుండి వివాహ వివరం అక్కడ వ్రాయాలన్నది తిరుసభ నియమం. అలా ఒక్కొక్క తరం వెనక్కి నడవవచ్చు. పెద్దవయసులో జ్ఞానస్నానం పొందినవారి వయసును మాత్రం అంచనాగానే తీసుకోండి. ఆనాటి కూలివాని పుట్టినరోజు ఎవరు వ్రాసి ఉంచారు?