లైట్లు ఆర్పాక మొదలయ్యే ఉద్యోగం

అక్కుపల్లి శివసాగర్ తీరం పక్కన పెరిగిన పిల్లాడికి సముద్రం హోరు లేకుండా నిద్రపట్టదు. పదో తరగతి అయ్యాక ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, విశాఖలో ఏదో ఇంటర్ హాస్టల్లోనో చేరిన మొదటి రాత్రి ఆ హోరుండదు. ఫ్యాను కిర్రుమంటుంటుంది, పక్క మంచం మీద ఎవరో తెలియని కుర్రాడు. లైట్లు ఆర్పాక తలుపు దగ్గర నిలబడి "ఏట్రా, నిద్ర పట్టలేదేటి?" అని అడిగే మనిషి ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క. దసరా రాకముందే పెట్టె సర్దుకుని పలాస స్టేషన్లో దిగిపోయే పిల్లల్లో చాలామంది వచ్చేసేది చదువు రాక కాదు, ఆ మనిషి దొరక్కే. ఆ మనిషి ఉద్యోగం గురించే ఇక్కడ చెబుతున్నాను.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో హాస్టల్ కూడు తిని చదువుకున్నవాళ్లకు కొదవలేదు. అయినా హాస్టల్లోనే ఉద్యోగం చేస్తానని అనుకునేవాళ్లు అరుదు. వార్డెన్ అనగానే తాళాల గుత్తి, బెత్తం, నీళ్ల పప్పు గుర్తొస్తాయి. టీచరు పోస్టు రాకపోతే చూసుకుందాం అనే వరసలో దీన్ని పెట్టేస్తాం. అలా వచ్చినవాళ్ల వల్లే ఈ పనికి చెడ్డపేరొచ్చిందని నా అనుమానం.

పని ఎలా ఉంటుందో ముందు చూడండి. పొద్దున హాజరు, స్టాకు రిజిస్టరు, కూరగాయల ఇండెంటు, మెనూ బోర్డు, మోటారు పాడైతే ఎలక్ట్రీషియన్ కోసం ఫోన్లు. ఇవన్నీ కొన్నాళ్లలో అలవాటైపోతాయి. అసలు పని సాయంత్రం మొదలవుతుంది. ఎవరు రెండు పూటలు అన్నం ముట్టలేదు, ఎవరు ఫోన్ మాట్లాడాక మౌనంగా అయిపోయారు, ఏ గదిలో హఠాత్తుగా ముగ్గురు ఒకవైపు, ఒకడు ఒకవైపు అయ్యారు - ఇవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. తెలిసేది ముందుగా వార్డెనుకి కాదు, వంట మనిషికి. కంచంలో ఎంత వదిలేశారో చూసేది ఆవిడే. రాత్రి గోడ దగ్గర ఎవరు కూర్చున్నారో వాచ్‌మన్ చెప్పగలడు. బాత్రూము తలుపేసుకుని ఏడ్చేది ఎవరో కామాటికి తెలుసు. అందుకే మంచి వార్డెను కుక్కు, కామాటి, వాచ్‌మన్‌లతో రోజూ పది నిమిషాలు కూర్చుని టీ తాగుతాడు. వాళ్ల జీతం బిల్లు ఆగిపోతే ఆఫీసుకెళ్లి అడుగుతాడు, సెలవు కావాలంటే బదులు మనిషిని చూసిపెడతాడు. సిబ్బందిని కసురుకునేవాడికి పిల్లల సంగతులు ఎవరూ చెప్పరు.

మన ప్రాంతంవాళ్లకు ఇందులో ఒక అనుకూలత ఉంది. ప్రతి వారం అవుట్‌పాస్ అడిగే అమ్మాయిని చూసి 'ఇంటి బెంగ, నిలకడ లేదు' అని రాసేయడం తేలిక. ఊళ్లలో కిడ్నీ జబ్బును చూస్తూ పెరిగిన ఉద్దానంవాళ్లయితే ఇంకో ప్రశ్న వేస్తారు: "ఇంట్లో ఎవరికైనా డయాలసిస్ నడుస్తోందా అమ్మా?" పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. అయినా మంచం పట్టిన తండ్రిని తీసుకెళ్లడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి, ఒక్కోసారి ఆ మనిషి హాస్టల్లో ఉన్న కూతురే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చినప్పుడు కరెంటూ ఫోన్లూ పోయాయి. దూరాన చదువుకునే పిల్లలకు ఇంటి కబురు లేదు. అలాంటి రోజున ఫీజు బకాయి జాబితా పక్కన పెట్టి, ఊరికెళ్లే ఎవరి చేతనైనా కబురు తెప్పించడం ఈ ఉద్యోగంలో భాగమే. ఏ సిలబస్‌లోనూ ఉండదు.

ఇక దారులు. ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో వార్డెనును ఇప్పుడు హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ అంటున్నారు. సాధారణంగా డిగ్రీతో పాటు బీఎడ్ ఉండాలి. ఓపిక కూడా ఉండాలి: తెలంగాణలో 581 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే పరీక్ష జరిగింది 2024 జూన్‌లో. అక్కడ 95 శాతం స్థానికులకే గనక మనవాళ్లు దాని మీదే ఆశ పెట్టుకోకూడదు. మనకు నయమైనది కేంద్రం నడిపే ఏకలవ్య గిరిజన గురుకులాలు. 2023లో 669, 2025లో 635 హాస్టల్ వార్డెన్ పోస్టులు ప్రకటించారు. డిగ్రీ చాలు, మూలవేతనం 29,200 రూపాయల దగ్గర మొదలవుతుంది. చిక్కల్లా ఒకటే, దేశంలో ఎక్కడ వేస్తే అక్కడికి వెళ్లాలి. ఒడియా, హిందీ కాస్త చెవిన పడ్డ సోంపేట, ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఇదొక బెంగ కాదు.

కాలేజీల సంగతి వేరు. ట్రిపుల్ ఐటీలను నడిపే ఆర్జీయూకేటీ 2008లో పుట్టింది, శ్రీకాకుళం క్యాంపస్ 2016లో మొదలైంది. అక్కడ పదో తరగతి కాగానే ఆరేళ్ల చదువులో చేరతారు గనక పదిహేనేళ్ల పసివాడూ, ఇరవయ్యొక్కేళ్ల ఇంజినీరూ ఒకే ప్రాంగణంలో ఉంటారు. ఇద్దరినీ ఒకే గొంతుతో పలకరించలేం. యూజీసీ 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు ప్రతి హాస్టల్‌కీ పూర్తికాలపు వార్డెను ఉండాలనీ, ఆయన అక్కడే లేదా దగ్గర్లోనే నివసించాలనీ, క్రమశిక్షణ నిలపడంతో పాటు పిల్లలతో మాట్లాడే నేర్పూ ఉండాలనీ చెబుతాయి. చాలాచోట్ల ఈ పనిని ఒక లెక్చరర్ నెత్తిన అదనంగా వేసి ఊరుకుంటారు. ఆయన తొమ్మిదికి ఒక రౌండు కొట్టి వెళ్లిపోతాడు.

కొత్తగా తెరుచుకుంటున్న తలుపు కౌన్సెలింగ్‌ది. విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ, సోషల్ వర్క్ పీజీలున్నాయి. డిగ్రీ చేస్తున్న పిల్లలు ఇటు ఒకసారి చూడండి. వార్డెను కౌన్సెలర్ కాకపోయినా 14416 టెలీమానస్ నంబరు నోటికి రావాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలపై లైంగిక వేధింపు జరిగినట్టు తెలిస్తే, సంస్థ పరువు పోతుందని దాచిపెట్టడం పోక్సో చట్టం కింద నేరమన్నదీ తెలిసుండాలి.

అమెరికా వెళ్లే మనవాళ్లు పెట్రోలు బంకుల గురించి ఆరా తీస్తారు గానీ, క్యాంపస్‌లోనే రెసిడెంట్ అసిస్టెంట్ అనే పని ఉందని చాలామందికి తెలీదు. ఒక అంతస్తు విద్యార్థుల బాగోగులు చూసుకుంటే చాలా యూనివర్సిటీలు గది ఉచితంగా ఇస్తాయి, కొన్ని భోజనం కూడా. వీసా నిబంధన ప్రకారం తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలలోపు క్యాంపస్ పనే చేయాలి, ఇది ఆ లెక్కలో ఇమిడిపోతుంది. ఇంటర్వ్యూలో అడిగేది మార్కులు కాదు, 'ఇద్దరు రూమ్మేట్లు కొట్టుకుంటే ఏం చేస్తావు?' వంటి ప్రశ్నలు. గురుకులంలో ఏడేళ్లు గడిపినవాడి దగ్గర దీనికి పది జవాబులుంటాయి.

కార్పొరేట్ ఇంటర్ కాలేజీల్లో ఫ్లోర్ ఇన్‌చార్జ్ ఉద్యోగం సులువుగా దొరుకుతుంది, డిగ్రీ పాసైన కుర్రాళ్లను వెంటనే తీసుకుంటారు. జీతం తక్కువ, రాత్రికీ పగటికీ తేడా ఉండదు. ఏడాది చేస్తే అనుభవం, మూడేళ్లు చేస్తే అలసట. నిద్ర లేకపోతే చిరాకు పడే స్వభావం ఉన్నవాళ్లు, పెళ్లయి చిన్నపిల్లలున్నవాళ్లు ఆలోచించుకునే దిగండి. ఇంటర్వ్యూలో జీతం సంగతి వాళ్లే చెబుతారు. మీరు అడగాల్సినవి వేరు: నా గది ఎక్కడ? ఒక్కరికి ఎందరు పిల్లలు? వారపు సెలవు రోజున నా చోట ఎవరు పడుకుంటారు? అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే బండి ఎవరిది, డ్రైవరు నంబరు గోడ మీద రాసుందా? చివరి ప్రశ్నకు జవాబు కోసం వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, అక్కుపల్లి బస్సు ఎన్నింటికో కనుక్కోండి.