గిన్నెలో ఏముందో చూడండి, ఎంతుందో కొలవండి

మీ కుక్క ఫ్రిజ్ తెరవలేదు. మీ పిల్లి షాపుకెళ్లి ప్యాకెట్ తెచ్చుకోలేదు. అవి ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తినాలి, అన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. కాబట్టి వాటి డైట్ మారాలంటే మారాల్సింది మీ అలవాటు. మీరు మార్చుకోగలరు. ఈ రోజే మొదలుపెట్టగలరు.

ముందు మైండ్‌సెట్ సంగతి. మన ఇళ్లలో మిగిలిందేదో గిన్నెలో వేసేస్తాం. పొద్దున పాలు, బిస్కెట్లు. మధ్యాహ్నం పెరుగన్నం. ఆదివారం చికెన్ బొక్కలు. ప్రేమకు లోటు లేదు, ప్రొటీన్‌కే లోటు.

పిల్లిని చిన్న కుక్క అనుకోకండి

పిల్లి పూర్తి మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం సరిపడా తయారు చేసుకోలేదు. అది మాంసం, చేపల నుంచి రావాలి. లేదా ఫుడ్‌లో విడిగా కలిపి ఉండాలి. టారిన్ తగ్గితే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు దెబ్బతింటుంది.

ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో అమెరికా పశువైద్యుడు పాల్ పియాన్ బృందం సైన్స్ పత్రికలో వెల్లడించింది. ఆ బృందం చూసిన జబ్బు పిల్లులు తిన్నది కంపెనీ ఫుడ్డే! తర్వాత కంపెనీలు టారిన్ పెంచాయి, జబ్బు బాగా తగ్గిపోయింది. ఏం తింటున్నాయో పట్టించుకుంటే ఇంత మార్పు వస్తుంది.

మీ ఇంట్లో మాంసం వండరా? మీ నియమం మీరు పాటించండి. పిల్లికి మాత్రం మాంసంతో చేసిన కంప్లీట్ ఫుడ్ కొనండి. పెరుగన్నంతో దాని కడుపు నిండుతుంది కానీ పోషణ అందదు.

కుక్కకు అన్నం తప్పు కాదు, అన్నం ఒక్కటే పెట్టడం తప్పు

తోడేలుతో పోలిస్తే కుక్కకు పిండిపదార్థం బాగా అరుగుతుంది. మనుషుల మధ్య బతుకుతూ దాని జన్యువులే అలా మారాయని 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. అయితే అరగడం వేరు, సరిపోవడం వేరు.

"రోజూ చికెన్, అన్నం పెడుతున్నాం కదా" అంటారా? మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి పప్పీ శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాగేస్తుంది. కాళ్లు వంకరపోతాయి. అలాగని మీ ఇష్టానికి కాల్షియం టానిక్ పోయకండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల పిల్లలకు ఎక్కువైనా ఎముకలు పాడవుతాయి. ఇంటి వంటే పెడతానంటే చాలా మంచిది, కానీ కొలతలతో సహా రెసిపీ వెటర్నరీ డాక్టర్ దగ్గర రాయించుకోండి.

లేబుల్ చదివే అలవాటు

ప్యాకెట్ ముందు వైపు బొమ్మ చూసి కొనకండి. వెనక్కి తిప్పండి. మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని రాసి ఉందా? లేకపోతే అది చిరుతిండి, భోజనం కాదు.
2. ఏ వయసుకు?
3. ప్రొటీన్ ఎంత? అమెరికాలో పశు ఆహార ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో సంస్థ లెక్క ప్రకారం తేమ తీసేసి లెక్కేస్తే పెద్ద కుక్కకు కనీసం 18 శాతం, పప్పీకి 22.5, పెద్ద పిల్లికి 26, పిల్లి పిల్లకు 30.

"తేమ తీసేసి" అన్న మాట మర్చిపోవద్దు. వెట్ ఫుడ్ మీద ప్రొటీన్ 10 శాతం, తేమ 78 శాతం అని ఉందనుకోండి. మిగిలిన 22లో 10 ప్రొటీనే. అంటే 45 శాతం! పైపైన చూస్తే తక్కువగా కనిపించిన ఫుడ్డే కనీస ప్రమాణాన్ని దాటి చాలా ముందుంది.

కూర కలిపిన అన్నం ఈ రోజుతో ఆపేయండి

మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివి ఎన్ని? ఆ రెండూ కుక్క, పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. చక్కెర పొంగలిలోని కిస్మిస్ కుక్క కిడ్నీలను దెబ్బతీయగలదు. చాక్లెట్ విషం. జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్‌లెస్ చూయింగ్ గమ్ కూడా కుక్కకు విషమే. ఉడికిన బొక్క చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది.

కొలవండి

48 లాబ్రడార్లను జతలుగా చేసి జీవితాంతం గమనించిన ప్రసిద్ధ పరిశోధన ఒకటి 2002లో వెలువడింది. జతలోని కుక్క కన్నా 25 శాతం తక్కువ తిన్నవి దాదాపు 2 ఏళ్లు ఎక్కువ బతికాయి. కొత్త మందు లేదు, ఖరీదైన బ్రాండ్ లేదు. కొలత ఒక్కటే!

పొద్దున్నే రోజు కోటా గ్రాముల్లో తూచి ఒక డబ్బాలో పోయండి. నాన్నమ్మ పెట్టినా, పిల్లలు పెట్టినా ఆ డబ్బాలోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. బిస్కెట్లు, ట్రీట్లు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు. వారానికోసారి పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. సులువుగా తగిలితే బాగున్నట్టు. నొక్కితే గానీ తగలకపోతే కోటా తగ్గించండి.

మార్పు వారం రోజుల్లో

ఒక్కసారిగా ఫుడ్ మార్చకండి. మొదట పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు. వారానికల్లా పూర్తిగా కొత్తది. కుక్క కాస్త మొండికేసినా మీరు గట్టిగా ఉండండి.

పిల్లి దగ్గర మాత్రం ఆ పంతం వద్దు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. ఒక రోజంతా ముద్ద ముట్టకపోతే పాత ఫుడ్ ముందు పెట్టండి. అదీ తినకపోతే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.