పీచ్ యువరాణి కిరీటం ఎందుకు పక్కకి వాలింది?

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, లెక్కల నోటుబుక్కు ఆఖరి పేజీలో పీచ్ యువరాణి బొమ్మ గీసి తెచ్చాడు. మారియో గేమ్‌లో ఉంటుందే, గులాబీ గౌను, పసుప్పచ్చ జుట్టు, ఆ అమ్మాయి. నేను ఫోన్లోంచి తలెత్తి "అబ్బ, బాగుందిరా" అన్నాను. వాడు కదలకుండా అక్కడే నిలబడ్డాడు. "నువ్వు చూడలేదమ్మా" అన్నాడు.

నిజమే, చూడలేదు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

అందుకే అడుగుతున్నాను. పిల్లలు బొమ్మ తెస్తే ముందు దాన్ని చేతిలోకి తీసుకోండి. వెలుతురున్న చోట కూర్చుని, వాళ్లు ఎక్కడ చెరిపి మళ్లీ గీశారో, ఏ రంగు గట్టిగా రుద్దారో చూడండి. ఆ తర్వాత "సూపర్" అనే బదులు, కంటికి కనిపించిన ఒక్క సంగతి చెప్పండి. "గౌను కుచ్చిళ్లకి రెండు రకాల గులాబీ వేశావే" అంటే చాలు, మిగతాదంతా వాళ్లే చెప్తారు.

మన నోటికి తొందరగా వచ్చే మాట ఇంకొకటుంది. "చూసి గీసిందేగా, సొంతంగా ఏదైనా గీయి" అంటాం. దయచేసి అనకండి. చందమామ ముందేసుకుని శంకర్ గారి విక్రమార్కుణ్ణీ, పత్రికల్లో బాపు గారి అమ్మాయిల వాలుజడల్నీ దించుకుంటూ చెయ్యి తిరిగినవాళ్లు మనిళ్లలో ఎంతమంది లేరు! దాన్నే ఈ పిల్లలు ఫ్యాన్ ఆర్ట్ అంటున్నారు. ఇష్టమైన మనిషిని పదేపదే తలుచుకున్నట్టే, ఇష్టమైన బొమ్మని పదేపదే గీస్తారు.

అసలు పీచ్ కూడా ఒక్క చేతిలో పుట్టిన బొమ్మ కాదు. 1985లో జపాన్‌లో నింటెండో వాళ్ల సూపర్ మారియో బ్రదర్స్ వచ్చినప్పుడు ఆమె తెరమీద చిన్న చుక్కల కుప్ప. ఆ గేమ్ ఆడే యంత్రంలో ఒక్కో బొమ్మముక్కకి మూడే రంగులు దక్కేవి. అంతకుముందు 1981లో మారియోకి మీసం వచ్చిందీ ఇలాంటి ఇరుకులోనే. అంత తక్కువ చుక్కల్లో ముక్కు విడిగా తెలియాలని మీసం పెట్టారు, జుట్టు గీసే పని తప్పించడానికి టోపీ పెట్టారు. పీచ్‌ని ముందు గేమ్ సృష్టికర్త షిగేరు మియమోతో తనే గీశారు. తర్వాత ఆమె రూపాన్ని తీర్చిదిద్దింది యోయిచి కొతాబే. 1974 నాటి హైదీ కార్టూన్‌కి పాత్రల రూపాలు గీసిన చెయ్యి అది. కళ్లు కాస్త పిల్లికళ్లలా ఉండాలని, ముద్దుగా ఉంటూనే మొండిఘటంలా కనిపించాలని మియమోతో ఆయన్ని అడిగారట. ఆ మొండితనం మీ పిల్లల బొమ్మలో దిగిందేమో వెతకండి.

ఇంట్లో గళ్ల కాగితం ఉంటే, అటు పదహారు, ఇటు పదహారు గళ్ల చతురస్రంలో మూడే రంగులతో యువరాణిని గీయమనండి. మీరూ పక్కన కూర్చుని ఒకటి గీయండి. చుక్కలు లెక్కపెట్టి ముగ్గేసే చేతికి ఇది మరీ కొత్తేం కాదు.

"తల ఇంత పెద్దదేంటి, కాళ్లేవీ" అని దిద్దకండి. పెద్ద తల, పెద్ద కళ్లు, బూరెబుగ్గలు చూస్తే మనకి పసిపిల్లల్ని చూసినట్టు ముద్దొస్తుందని కొన్‌రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1943లోనే రాశాడు. జపాన్‌లో ఇలా గీసే పద్ధతిని చిబీ అంటారు. పిల్లలు అది కావాలనే గీస్తారు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మా ఇంటికొచ్చిన చుట్టమొకాయన ఆ బొమ్మ చూసి "మగపిల్లాడివి, నీకు యువరాణి బొమ్మలేంట్రా" అన్నారు. వాడు కాగితం మడిచేశాడు. నేను ఆ మడత విప్పి బల్లమీద పరిచి, "వాడు గీసిన కళ్లు చూడండి బాబాయ్‌గారూ" అన్నాను. ఆయన చూశారు. మీరూ అలాంటప్పుడు ఊరుకోకండి, గొడవా పడకండి. పిల్లాడి ఎదుటే బొమ్మ పక్షాన ఒక్క మాట చెప్పండి.

ఇంటర్నెట్‌లో నమూనాలు వెతికేటప్పుడు మాత్రం పక్కనే ఉండండి. యువరాణుల పేర్లతో వచ్చే బొమ్మలన్నీ పిల్లలు చూడదగ్గవి కావు. వేరే అభిమాని గీసింది చూసి గీస్తే కింద వాళ్ల పేరు రాయడం నేర్పండి. పిల్లలు సరేననకుండా వాళ్ల బొమ్మ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.

మా వాడి బొమ్మలో మారియో లేడు. మొదటి గేమ్‌లో మారియో వచ్చి విడిపించేదాకా పీచ్ ఎదురుచూడాల్సిందే. ఎనిమిది లోకాలు, ముప్ఫైరెండు దశలున్న దారిలో ఆఖరి దశ దాటితే గానీ ఆమె కనిపించేది కాదు. చిన్నప్పుడు మా అన్నయ్యా నేనూ సెలవులన్నీ ఆ దారిలోనే గడిపాం. 1988లో అమెరికాలో వచ్చిన రెండో గేమ్‌లో ఆమెగా కూడా ఆడొచ్చు, ఆమె గాల్లో కాసేపు తేలగలదు. 2024లో వచ్చిన ప్రిన్సెస్ పీచ్: షోటైమ్!లో కథానాయిక తనే. ఇవన్నీ వాడికి చెప్పాక, కిరీటం ఎందుకలా పక్కకి వాలిందని అడిగాను.

"కోట కిటికీలోంచి ఇప్పుడే దూకింది కదమ్మా" అన్నాడు. "మారియో వచ్చేదాకా ఆగలేదు."

బొమ్మ వెనక పెన్సిల్‌తో తారీఖు వేసి, ఎక్కడ అంటిద్దామని వాణ్ణే అడిగాను. ఫ్రిజ్ మీద వద్దన్నాడు. తన మంచం పక్కన గోడకి, పడుకున్నాక కనిపించేంత ఎత్తులో అంటించుకున్నాడు.