చిన్నారి చేతికి ఏ బొమ్మ? ఒడిలోకి ఏ పుస్తకం?

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం



పేరెంట్-టీచర్ మీటింగ్‌లో పెద్ద పిల్లల మార్కుల సంగతి అయిపోయాక, చాలామంది తల్లులు చంకనున్న చిన్నవాళ్లను చూపించి ఒక మాట అడుగుతుంటారు: "టీచర్ గారూ, వచ్చే ఏడాది వీణ్ణి కూడా నర్సరీలో వేస్తాం. ఇప్పటి నుంచే ఏం కొనిపెడితే మంచిది?"

అడగాల్సిన ప్రశ్నే. షాపుకి వెళ్తే జవాబు దొరకదు, తికమక మాత్రం దొరుకుతుంది. నొక్కితే ఏ బీ సీ డీ పాడే ట్యాబ్, వంద ఫ్లాష్ కార్డ్‌ల పెట్టె, "బ్రెయిన్ డెవలప్‌మెంట్" అని రాసి ఉన్న కిట్... అన్నీ మనల్ని ఒకటే భయపెడతాయి: ఇది కొనకపోతే మీ పాప వెనకబడిపోతుందని. ఆ భయంతో వేలు ఖర్చు పెడతాం. మూడో రోజుకి పాప ఆ బొమ్మను పక్కన పడేసి, అది వచ్చిన అట్టపెట్టెలో దూరి కూర్చుంటుంది.

నిజానికి పాప ఎంపికే సరైనది. ఎందుకో చూద్దాం.

అట్టపెట్టె ఎందుకు గెలుస్తుంది?

అట్టపెట్టెలో దూరవచ్చు, వస్తువులు వేయవచ్చు, తీయవచ్చు. తోస్తే కారు, బోర్లిస్తే ఇల్లు, కొడితే డప్పు. పాడే ట్యాబ్‌తో చేయగలిగింది ఒక్కటే, నొక్కి వినడం. పది సార్లు నొక్కాక ఇక అందులో కొత్తేమీ ఉండదు.

ఈ వయసు పిల్లలు తమ చేతితో ఏదో ఒకటి జరిగేలా చేసి, అది మళ్లీ జరుగుతుందా లేదా అని చూస్తారు. చెంచా పదిసార్లు కింద పడేసేది మనల్ని విసిగించడానికి కాదు, ప్రతిసారీ చప్పుడు వస్తుందో లేదో తేల్చుకోవడానికి. అందుకే బొమ్మ కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "దీంతో పాప ఎన్ని రకాలుగా ఆడుకోగలదు?" బొమ్మ ఎంత తక్కువ పని చేస్తే పాప అంత ఎక్కువ పని చేస్తుంది.

ఏ వయసుకి ఏవి?

12 నుంచి 18 నెలలు: వేయడం, తీయడం, తోయడం, లాగడం. మూతలున్న స్టీలు డబ్బాలు, ఒకదానిలో ఒకటి పట్టే గిన్నెలు, మెత్తని బంతి, గిలక్కాయ, నెట్టుకుంటూ నడిచే చెక్క బండి చాలు. దోబూచులాటకు అమ్మ చున్నీ కన్నా మంచి బొమ్మ లేదు.

18 నుంచి 24 నెలలు: ఒకదాని మీద ఒకటి పేర్చడం, పడగొట్టడం, పెద్దవాళ్లను అనుకరించడం. చెక్క దిమ్మలు, కడ్డీకి తొడిగే రింగులు, ఒక బట్ట బొమ్మ ఇవ్వండి. బొమ్మకు లాల పోసి, బువ్వ పెట్టి, జోకొట్టడం మొదలవుతుంది. అబ్బాయిలకూ ఇవ్వండి, ఆ ఆటలోనే ఇతరుల ఆకలి, నిద్ర, ఏడుపు అర్థమవుతాయి.

2 నుంచి 3 ఏళ్లు: కథ కట్టి ఆడే వయసు. పెద్ద సైజు లక్కపిడతలు, ఉత్తుత్తి టీ కప్పులు, నాలుగైదు ముక్కల చెక్క పజిల్, లావుపాటి క్రేయాన్లు, ఇంట్లో కలిపిన చపాతీ పిండి ముద్ద. ఈ పిండిని పిసికే వేళ్లే రేపు పెన్సిల్ పట్టుకునే వేళ్లు. రెండేళ్లకే పెన్సిల్ ఇచ్చి అక్షరాలు దిద్దించనక్కర్లేదు.

పాడే బొమ్మ ఉంటే మనం మౌనం

ఇది మాత్రం కాస్త నిదానంగా చదవండి. అమెరికాలోని నార్తర్న్ ఆరిజోనా యూనివర్సిటీ పరిశోధకురాలు అనా సోసా, 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాల్లో ఆట సమయంలోని మాటలను రికార్డ్ చేసి పరిశీలించారు. ఒకసారి పాడే, మాట్లాడే ఎలక్ట్రానిక్ బొమ్మలు ఇచ్చారు. ఒకసారి దిమ్మలు, చెక్క పజిల్ లాంటి మామూలు బొమ్మలు, ఇంకోసారి పుస్తకాలు ఇచ్చారు. 2016లో వెలువడిన ఫలితం ఇది: ఎలక్ట్రానిక్ బొమ్మలు ఉన్నప్పుడు తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు, పిల్లలు కూడా తక్కువ సార్లు ఊ కొట్టారు. పుస్తకాలు ఉన్నప్పుడు పెద్దవాళ్లు అన్నింటికన్నా ఎక్కువ మాట్లాడారు.

కారణం మనకూ తెలిసిందే. బొమ్మ మాట్లాడుతుంటే మనం నోరు మూసుకుంటాం. కానీ బొమ్మ పాప కళ్లలోకి చూడదు, పాప "బౌ" అంటే "అవును, కుక్కే!" అని జవాబివ్వదు. పిల్లలకు మాటలు వచ్చేది ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే.

ఫోన్ సంగతీ అంతే. రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దని భారత పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఊళ్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మలతో అప్పుడప్పుడు వీడియో కాల్ పర్వాలేదు. రెండేళ్ల నుంచి కూడా రోజుకు గంట దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన.

నాలుగు చాలు, మిగతావి అటక మీద

మొదటి పుట్టినరోజుకే ఇల్లు బొమ్మలతో నిండిపోతుంది. టొలెడో యూనివర్సిటీ వాళ్లు 18 నుంచి 30 నెలల పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారని 2018లో ప్రచురించారు.

కాబట్టి నాలుగైదు బయట ఉంచి, మిగతావి సంచిలో కట్టి అటక మీద పెట్టండి. రెండు వారాలకోసారి మార్చండి. పాత బొమ్మ దిగి వచ్చిన రోజు పాపకు అది కొత్త బొమ్మే.

పుస్తకం: చదివేది అమ్మ, తిప్పేది పాప

రెండేళ్ల పిల్లలకు పుస్తకం ఎందుకు, చింపేస్తారు కదా అంటారు. చింపకుండా ఉండేందుకే దళసరి అట్టలతో బోర్డ్ బుక్స్ వస్తాయి. మొదటి పుస్తకాలు ఎంచుకునేటప్పుడు ఇవి చూడండి:

• పేజీకి ఒకటి రెండు పెద్ద బొమ్మలు, ఒకటి రెండు వాక్యాలు
• పాప రోజూ చూసే వస్తువులు: ఆవు, ఆటో, అరటిపండు, కాకి, చెప్పులు
• మళ్లీ మళ్లీ వచ్చే ఒకే మాట. రెండో రోజుకే పాప ఆ మాట అందుకుంటుంది.
• చేయడానికి ఏదో ఒకటి: తట్టడానికి గరుకు బట్ట, ఎత్తి చూడడానికి చిన్న తలుపు

ఎలా చదవాలి అన్నదే అసలు విషయం. అక్షరం వదలకుండా చదవనక్కర్లేదు. ఒడిలో కూర్చోబెట్టుకుని, పాప వేలు ఎటు పోతే అటు పోండి. పాప పిల్లి మీద వేలు పెట్టి "మ్యావ్" అంటే, "అవును, పిల్లి. పిల్లి పాలు తాగుతోంది" అనండి. ఒక్క మాటకు నాలుగు మాటలు కలిపి తిరిగి ఇచ్చారు. ఆ తర్వాత కాస్త ఆగండి. జవాబు వెతుక్కోవడానికి ఈ వయసు పిల్లలకు మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది. మనం ఆగకపోతే వాళ్లు ఇక ప్రయత్నించరు.

నాలుగు పేజీలకే లేచి పోతే పోనివ్వండి. అదే పుస్తకం పదిహేనోసారి తెస్తే విసుక్కోకండి. తర్వాత పేజీలో ఏముందో ముందే తెలిసిన ఆనందం వాళ్లది. మాటలు గట్టిపడేది కూడా ఆ పదిహేనోసారే.

ఏ భాషలో?

నేను ఇంగ్లీష్ టీచర్‌ని కాబట్టి ఇంగ్లీష్ పుస్తకాలే చదవమంటాననుకుంటారు. ఇంట్లో మీకు ఏ భాషలో మాటలు తడుముకోకుండా వస్తాయో ఆ భాషలోనే చదవండి, మాట్లాడండి అంటాను.

ఎందుకో చెబుతాను. నర్సరీలో చేరిన మొదటి వారాల్లో కొందరు పిల్లలు "ఏ ఫర్ యాపిల్" నుంచి "జెడ్ ఫర్ జీబ్రా" దాకా గడగడా చెప్పేస్తారు. దాహం వేస్తే మాత్రం "నీళ్లు కావాలి" అని ఏ భాషలోనూ చెప్పలేక ఏడుస్తారు. ఇంకొందరికి ఒక్క ఇంగ్లీష్ ముక్క రాదు. కానీ "మా తాత ఊరెళ్లాడు, గేదె దగ్గర దూడ ఉంది, అది నన్ను నాకింది" అని పూర్తిగా చెబుతారు. ఈ రెండో పిల్లలకు ఇంగ్లీష్ నేర్పడం నాకు సులువు. ఏనుగంటే ఏమిటో, పెద్దదంటే ఏమిటో, లోపల, బయట, ముందు, తర్వాత అంటే ఏమిటో వాళ్లకు తెలుసు. నేను ఇంకో పేరు అందించాలి, అంతే. కార్డు చూసి "ఎలిఫెంట్" అనడం మాత్రమే వచ్చిన పిల్లలకు ఆ మాట వెనకున్న లోకమంతా నేను మొదటి నుంచి కట్టాలి.

రాని భాషలో మాట్లాడాలని ప్రయత్నిస్తే అమ్మానాన్నల మాటలు కూడా తగ్గిపోతాయి: "కమ్", "సిట్", "ఈట్", "నో". అదే తెలుగులో అయితే అన్నం కలుపుతూ ఒక కథంతా నడుస్తుంది. ఇంట్లో ఉర్దూ, హిందీ, లంబాడీ మాట్లాడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లీష్ బాగా వచ్చిన తల్లిదండ్రులు ఇంగ్లీష్ పుస్తకాలూ హాయిగా చదవండి. రెండు భాషలు వింటే పిల్లలు అయోమయంలో పడరు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు; ఫోన్‌లో చూపించే బదులు ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి. చెన్నైకి చెందిన తూలికా తెలుగు-ఇంగ్లీష్ రెండూ ఒకే పేజీలో ఉండే పుస్తకాలు వేస్తుంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే ఇస్తున్నాయి. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్తే పాపనే ఎంచుకోనివ్వండి.

కొనేముందు రెండు నిమిషాలు

• ఐఎస్ఐ గుర్తు: 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఇది తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు, జీఐ ట్యాగ్ ఉన్నవాటికి మినహాయింపు ఉంది.
• సైజు: మూడేళ్ల లోపు పిల్లలకు ఏదైనా నోట్లోకే. పది రూపాయల నాణెం అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. బొమ్మ గానీ, అందులోంచి ఊడే ముక్క గానీ దానికన్నా చిన్నదైనా, దానికన్నా కొంచెం పెద్దదైనా వద్దు. బొమ్మ కళ్లు, చక్రాలు, బొత్తాలు లాగి చూడండి.
• బటన్ బ్యాటరీ: పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకు స్క్రూ లేని బొమ్మ ఇంటికి తేకండి. మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.
• బెలూన్: పుట్టినరోజు అయ్యాక పగిలిన ముక్కలన్నీ ఏరేయండి. అవి గొంతుకు అడ్డం పడతాయి.
• తాడు: జానెడు కన్నా పొడవున్నది చిన్న పిల్లల బొమ్మకు వద్దు.

మన బొమ్మల్లో ఏటికొప్పాక బొమ్మలు ఈ వయసుకి బాగుంటాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రను గుండ్రంగా తిప్పి, మొక్కల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కతో పూత పూస్తారు. వాటికి 2017లో జీఐ ట్యాగ్ వచ్చింది. సహజ రంగులేనా అని అడిగి, పెద్ద సైజువే తీసుకోండి. కొండపల్లి బొమ్మలు తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చిన్న చిన్న భాగాలు అతికించి ఉంటాయి కాబట్టి వాటిని కొలువులో పెట్టి, దూరం నుంచి చూపిస్తూ కథ చెప్పండి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. వంటింట్లో కింది అర ఒకటి పాపకు ఇచ్చేయండి. గిన్నెలు, చిల్లుల గరిటె, ప్లాస్టిక్ డబ్బాలు పెట్టండి. మీరు వంట చేస్తున్నంతసేపూ పాప కూడా చేస్తుంది.
2. పడుకునే ముందు పది నిమిషాలు ఒక పుస్తకం. నాన్నగారి వంతు వారంలో మూడు రోజులైనా ఉండాలి.
3. పాత ఫొటోలతో చిన్న ఆల్బమ్ కట్టండి: తాతయ్య, నానమ్మ, పెద్దమ్మ, బాబాయ్. పాపకు అన్నింటికన్నా ఇష్టమైన పుస్తకం అదే అవుతుంది.
4. పాడే బొమ్మల్లోంచి బ్యాటరీలు తీసేసి ఇవ్వండి. అప్పుడు ఆ పాట ఎవరు పాడాలి? మీరే.

ఒక్క జాగ్రత్త. రెండేళ్లు నిండినా పాప "అమ్మ రా", "బువ్వ వద్దు" లాగా రెండు మాటలు కలిపి అనకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే, "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగా మాట్లాడాడు" అని ఆగిపోకండి. పిల్లల డాక్టర్‌కు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి. త్వరగా చూపిస్తే సాయమూ త్వరగా అందుతుంది.

నర్సరీ మొదటి రోజు మీ చిన్నారి ఏ బీ సీ డీలు చెప్పకపోయినా మాకు ఇబ్బంది లేదు. అవి నేర్పడానికే మేమున్నాం. "టీచర్, ఇదేంటి?" అని అడిగే నోటితో పంపండి, చాలు.

శుభాకాంక్షలతో,
మీ ప్రీ-ప్రైమరీ ఇంగ్లీష్ టీచర్