సంగీతోత్సవములు – ఆరోగ్యరక్షణ

సంగీతము మనస్సునకు హాయి నొసగును. కాని వినువారు దేహమును మఱచినచో ఆ యానందమే యాపదకు హేతువగును. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వినాయకచవితి పందిళ్లయొద్ద పాటకచ్చేరికైనను, నగరమందలి పెద్ద సంగీతోత్సవమునకైనను పోవునపుడు విద్యార్థులు చెవిని, ఊపిరిని, నోటిని కాపాడుకొనవలెను.

చెవి: కార్మికుల రక్షణకై శాస్త్రజ్ఞులు వేసిన లెక్క ప్రకారము 85 డెసిబెల్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదు. 3 డెసిబెల్లు పెరిగినకొలది ఆ కాలము సగమగును. 100 డెసిబెల్లయొద్ద అది 15 నిమిషములే. లోపలి చెవిలోని సూక్ష్మకణములు నశించినచో మరల పుట్టవు. కావున లౌడుస్పీకరునకు దూరముగా నిలువుడు. చెవిలో హోరు పుట్టినచో వెలుపలికి రండు.

ఊపిరి: 2025 జూన్ 4న మన నగరమున చిన్నస్వామి క్రీడాంగణమువద్ద, క్రికెట్ విజయోత్సవ సందర్భమున, త్రొక్కిసలాటలో 11 మంది మరణించిరి. సంగీతోత్సవమందును గుంపు స్వభావ మిట్టిదే. కిక్కిరిసినచోట ఱొమ్ము నొక్కుకొనిపోయి ఊపిరాడదు. లోనికి పోవునపుడే వెలుపలి దారి చూచుకొనుడు. ఒత్తిడి కలిగినచో చేతులు ఱొమ్మునకు ముందుంచుకొని, క్రిందపడిన వస్తువునకై వంగక, మెల్లగా ప్రక్కకు తొలగుడు.

నోరు: ఎండలో కొలదికొలదిగా నీరు త్రాగుచుండుడు. అపరిచితు లిచ్చు పానీయములను, మాత్రలను ముట్టకుడు. స్నేహితుడు సొమ్మసిల్లినచో, పెద్దలు కోపింతురని దాచక, వెంటనే 108కి ఫోను చేయుడు.

తల్లిదండ్రులారా! నిజము చెప్పిన బిడ్డను మొదట కాపాడుడు; మందలింపు తరువాత. ఆ నమ్మకమున్న బిడ్డయే ఆపదలో మిమ్ము పిలుచును.