నడిమి భాష

కోట్‌పల్లి నుండి తాండూరు అంగడికి కందులు తెచ్చిన రైతు తెలుగువాడనుకుందాం. కొనవచ్చిన వ్యాపారి సరిహద్దుకు ఆవలి కన్నడిగుడు. ఒకరి భాష మరొకరికి రాకపోయినా, ఇద్దరికీ తెలిసిన ఉర్దూలో బేరం కుదురుతుంది. ఇటువంటి నడిమి భాష కంప్యూటర్ శాస్త్రంలోనూ గొప్ప మేలు చేసింది. ఆ కృషిలో పాలుపంచుకున్న ఆచార్యులలో నోరి కేశవ్ ఒకరు.

స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో ఆచార్య నిక్లౌస్ విర్త్ 1970లో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషను వెలువరించారు. ప్రోగ్రాము రచనను క్రమపద్ధతిలో నేర్పడం దాని ముఖ్య లక్ష్యాలలో ఒకటి. అయితే కంప్యూటర్‌కు తెలిసినది తన యంత్రభాష ఒక్కటే. పాస్కల్‌లో వ్రాసినదానిని ఆ భాషలోకి మార్చే సాధనమే కంపైలర్. ఆనాడు ఒక్కొక్క రకం యంత్రానిది ఒక్కొక్క భాష. యంత్రం మారితే కంపైలర్‌నూ తిరిగి వ్రాయవలసి వచ్చేది. అంతటి నిపుణులు లేని విద్యాసంస్థలకు పాస్కల్ అందని మానిపండే.

ఈ చిక్కును విర్త్ బృందం విడదీసింది. ఎక్కడా లేని ఒక ఊహాయంత్రాన్ని కల్పించి, పాస్కల్‌ను మొదట దాని భాషలోకి మార్చింది. అదే పి-కోడ్‌గా ప్రసిద్ధి పొందింది. పాస్కల్‌లోనే వ్రాసిన కంపైలర్‌ను కూడా ఈ నడిమి భాషలోకి మార్చి పంపేవారు. అందుకున్నవారు ఆ భాషను తమ యంత్రానికి విప్పిచెప్పే చిన్న ప్రోగ్రాము వ్రాసుకుంటే చాలు. ఈ కంపైలర్ నిర్మాణాన్ని వివరిస్తూ 1974లో వెలువడిన రచనకు నోరి, అమ్మన్, జెన్సెన్, నేగెలి, జాకోబీ కర్తలు.

నడుమ దుబాసి ఉన్నందున వేగం కొంత తగ్గింది; కానీ పాస్కల్ దేశదేశాలకు చేరింది. శాండియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఈ మార్గంలోనే చిన్న కంప్యూటర్లకు పాస్కల్‌ను అందించింది. 1995లో వచ్చిన జావా కూడా ఊహాయంత్రాన్నే ఆశ్రయించింది.

నోరి కాన్పూరు ఐ.ఐ.టి.లో బోధించారు. పూణేలోని టాటా పరిశోధన కేంద్రంలో పనిచేశారు. తరువాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో ఆచార్యులై మళ్ళీ విద్యార్థుల మధ్యకు వచ్చారు.

విద్య ఒకే యంత్రానికి, ఒకే సంస్థకు బందీ కారాదు. తాము చూడని యంత్రం మీద, తామెరుగని విద్యార్థి చదువుకొనేలా వ్రాయడమే ఈ ఆచార్యుల కృషిలోని ఔదార్యం. అంగడిలో నడిమి భాష బేరాన్ని కుదిర్చింది. ఇక్కడ అది విద్యను పంచింది.

ప్రశ్నలు
1. పాస్కల్ అన్ని యంత్రాలకూ చేరడానికి ఎదురైన ఆటంకమేమిటి? దానిని ఎలా తొలగించారు?
2. ‘నడిమి భాష’ అనే శీర్షిక ఈ పాఠానికి ఎట్లు తగినదో వివరించండి.